సున్నా పడ్డ కాల్

మార్చి 3, సోమవారం

చెవుల డాక్టరు ఒక పని అప్పజెప్పాడు. చెవిలో హోరు ఎప్పుడు మొదలవుతోంది, ఎంతసేపు ఉంటోంది, ఆ సమయంలో ఏం చేస్తున్నాను, ఇవన్నీ రోజూ రాసి నెల తర్వాత తెచ్చి చూపించాలట. “ఏం పని చేస్తారమ్మా?” అని అడిగాడు. “వింటానండీ” అన్నాను. నవ్వాడు. నిజంగా నా పని అదే.

డాక్టరు చదువుతాడు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఒక ల్యాప్‌టాప్‌ల కంపెనీకి వచ్చే ఫిర్యాదుల ఫోన్లు మా ఆఫీసులో ఎత్తుతారు. ప్రతి కాలూ రికార్డవుతుంది. వాటిలో రోజుకి పధ్నాలుగు నా హెడ్‌ఫోన్‌లోకి వస్తాయి. ఫోనెత్తినవాళ్ళు ఎలా మాట్లాడారో విని నూటికి మార్కులు వేస్తాను. పలకరింపుకి ఐదు, ఓపికకి పది, సానుభూతికి పదిహేను, అలా. ఆరేళ్ళు నేనూ ఫోనెత్తినదాన్నే. తిట్లు తినడం కంటే తిట్లు వినడం నయమని ఇటు మారాను.

హోరు: మధ్యాహ్నం రెండు నుంచి ఇంటికొచ్చేదాకా. ఎడమ చెవిలో ఎక్కువ. సీసాలో ఈగ పడ్డట్టు.

మార్చి 4

హోరు: పదకొండు నుంచి. ఏం చేస్తున్నాను: వింటున్నాను.

మార్చి 6, గురువారం

ఈ వారం అన్నీ చార్జర్లే. పధ్నాలుగింటిలో తొమ్మిది. కొత్తగా వచ్చిన సన్న మోడల్‌ది. పిన్ను దగ్గర వైరు మెత్తబడుతోందట, నల్లబడుతోందట, వాసన వస్తోందట. ఆ మోడల్‌కి బయట దొరికేవి సరిపోవు, కంపెనీదే కావాలి. కంపెనీ దగ్గర స్టాకు లేదు.

హాల్లో గోడకి కొత్త కాగితం అంటించారు. చార్జర్ కాల్స్‌కి మూడు సూత్రాలు. ఒకటి, ‘కాలింది’ అనకూడదు, ‘రంగు మారింది’ అనాలి. రెండు, తప్పు చార్జర్‌దని ఒప్పుకోకూడదు. మూడు, వాడమనీ వద్దనీ సలహా ఇవ్వకూడదు, ఫొటోలు పంపమనాలి. మూడింటిలో ఏది తప్పినా ఫేటల్. ఫేటల్ పడితే మిగతా మార్కులెన్ని వచ్చినా ఆ కాల్‌కి సున్నా. నెలలో మూడు ఫేటళ్ళు పడితే మనిషి ఇంటికి.

ఈ రోజు ఒక పెద్దాయన కాల్ బాగుంది. రిటైరైన లారీ డ్రైవరట. కోడలు డాక్టర్లు చెప్పిన రిపోర్టులు విని ఇంట్లోనే టైపు చేస్తుందట, ల్యాప్‌టాప్ ఆమెది. ఆమె పనిలో ఉంటే మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని ఈయన ఫోన్ చేశాడు.

“వోల్టేజ్ హెచ్చుతగ్గుల వల్ల రంగు మారి ఉండొచ్చండి” అంది మా అమ్మాయి.

“వోల్టేజ్‌దే తప్పయితే ఫ్రిజ్జు కూడా కంపు కొట్టాలి కదా తల్లీ? నలభై ఏళ్ళు లారీ నడిపాను. వైరు కాలే వాసన నాకు తెలీదా?”

“మీ ఇబ్బంది నాకు అర్థమైందండి. ఫొటోలు పంపండి, పరిశీలిస్తారు.”

“ఫొటోలో వాసన వస్తుందా?”

పగలబడి నవ్వాను, పక్క టేబుళ్ళవాళ్ళు తలెత్తి చూశారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఓపికకి పదికి పది.

హోరు: కొద్దిగా.

మార్చి 7

ఇంట్లో మా ల్యాప్‌టాప్‌దీ ఆ మోడలే. చార్జర్ తీసి బీరువా పైన పడేశాను. మా ఆయన పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో పాత ల్యాప్‌టాప్ ఏదైనా ఉంటే దాని చార్జర్‌తో సహా తెమ్మన్నాను. మన చార్జర్‌కి ఏమైందని మా ఆయన అడిగాడు. ఏం కాలేదన్నాను. ఊరికే.

మార్చి 11, మంగళవారం

మాస్టారి కాల్ నాకు వచ్చింది.

మాస్టారంటే నిజంగానే మాస్టారు. ఇరవై ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పారు. బడి మూతపడ్డాక, యాభై నాలుగో ఏట, మా హాల్లో హెడ్‌ఫోన్ తగిలించుకున్నారు. అందరూ కస్టమర్లతో మాట్లాడతారు, ఆయన వెనక బెంచీ పిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడతారు. ఈసారి అవతల ఉన్నది ఆ లారీ పెద్దాయనే. ఒకే ఫిర్యాదు మీద వచ్చే కాల్స్ మార్కులకి మామూలుగా ఒకరికే వస్తాయి, అందుకని నాకే పడింది.

“అయ్యా, ఆ వైరు ఇప్పుడెక్కడుంది?”

“గోడకే ఉంది. కోడలు పనిచేసుకుంటోంది.”

“ముందు పీకెయ్యండి.”

“ఆఁ?”

“స్విచ్ కట్టేసి పీకెయ్యండి. నేను లైన్లోనే ఉంటా. పీకాక మాట్లాడుకుందాం.”

చెప్పుల చప్పుడు. కోడలు ఏదో అనడం. పాప కేక. మళ్ళీ చెప్పుల చప్పుడు.

“పీకేశా బాబూ. పెనం పట్టుకున్నట్టుంది.”

“ఇక పెట్టకండి. ఎవరేం చెప్పినా పెట్టకండి. ఇంట్లో పసిపిల్ల ఉన్నట్టుంది?”

“మనవరాలు. ఎనిమిదో నెల.”

“మరింకేం? అటక మీద పడెయ్యండి దాన్ని.”

‘ఎవరేం చెప్పినా’ అంటే మేమేం చెప్పినా అని.

రెండుసార్లు విన్నాను. ఫారం మీద నా చెయ్యి ఆగలేదు. ఫేటల్. సున్నా. వివరణ గడిలో ‘అనుమతి లేని సలహా, చార్జర్ వాడవద్దని స్పష్టంగా చెప్పారు’ అని రాశాను. ఫారంలో ఏముందో అది చూడటమే నా పని. మాస్టారి మీద కోపంతో వేసింది కాదు. నా స్థానంలో ఎవరున్నా అదే వేస్తారు.

ఈ నెలలో ఆయనకి ఇంతకుముందు ఎన్ని ఫేటళ్ళు పడ్డాయో నేను చూడలేదు. ఒక్క నొక్కు నొక్కితే కనిపిస్తుంది. చూడలేదు.

మార్చి 13, గురువారం

మూడోదట.

మాస్టారు సంచీ సర్దుకుని నా టేబులు దగ్గరికి వచ్చారు. మార్కులు వేసేవాళ్ళ పేర్లు బయటికి తెలియవు, నంబర్లే. నాది నాలుగు.

“క్వాలిటీ నాలుగంటే నువ్వేనటగా అమ్మా?”

తేలు కుట్టిన దొంగలా హెడ్‌ఫోన్ వైరు సర్దుకున్నాను.

“నీ వివరణ చదివా. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. తప్పెక్కడుందో సరిగ్గా అక్కడే గీత గీశావు. నా దగ్గర చదువుకునుంటే ఫస్టొచ్చేదానివి.”

వెటకారం కాదు. వెటకారమైతే బాగుండేది.

హోరు: అక్కణ్ణుంచి.

మార్చి 15, శనివారం

మా పాప తన బొమ్మల సినిమా కోసం స్టూలెక్కి బీరువా పైనుంచి ఆ చార్జర్ దించి ల్యాప్‌టాప్‌కి పెట్టుకుంది. చూడగానే గొంతు చించుకుని అరిచాను. “ముందు పీకెయ్! ఎవరేం చెప్పినా పెట్టకు!” అది బిత్తరపోయింది. మా ఆయన వచ్చి చార్జర్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“బాగానే ఉందిగా? నువ్వేం విన్నావు ఆఫీసులో?”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే అలా అరుస్తావా?”

చెత్తబుట్టలో వేశాను. మళ్ళీ తీసి, వైరు కత్తిరించి వేశాను. ఎవరైనా ఏరుకుని వాడతారేమోనని.

మార్చి 17, సోమవారం

పెద్దాయన మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి ఎత్తింది కొత్తగా చేరిన ఒకబ్బాయి. గొంతులో వణుకుంది. మాస్టారి కుర్చీ అతనికే ఇచ్చారు.

“ఆరు రోజులుగా పీకేసే ఉంచాం బాబూ. కోడలికి ఆఫీసువాళ్ళు ఇవాళ ఆఖరు అంటున్నారు. పని అందకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట. కొత్త చార్జర్ ఎప్పుడిస్తారు?”

“మీ ఫొటోలు పరిశీలనలో ఉన్నాయండి.”

“పోనీ అప్పటిదాకా ఇది వాడొచ్చా, వాడకూడదా? అదొక్కటి చెప్పు.”

“దాని మీద నేను సలహా ఇవ్వలేనండి.”

“మొన్న ఒక మాస్టారు వద్దన్నాడు మరి.”

“దాని గురించి నాకు సమాచారం లేదండి.”

“అయితే వాడొద్దని కంపెనీ అనట్లేదు. అంతేనా?”

ఊపిరి పీల్చిన శబ్దం వినిపించింది. కాగితం తిప్పిన శబ్దం కూడా.

“లేదండి.”

“అనట్లేదు కదా?”

“లేదండి.”

“హమ్మయ్య. బతికించావు నాయనా.”

ఆకుకి అందదు, పోకకి పొందదు. కానీ మూడు సూత్రాల్లో ఒక్కటీ తప్పలేదు. చివర్లో కంపెనీ పేరు చెప్పి ధన్యవాదాలు చెప్పలేదు, రెండు తీశాను. తొంభై ఎనిమిది.

మార్చి 18

పెద్దాయన నంబరు తెరమీద కనిపిస్తుంది. కంఠతా వచ్చేసింది, కావాలని కాదు. బయటి నంబర్లకి చేస్తే ఉద్యోగం పోతుంది. కోడలు ఈపాటికి ఎక్కడో చార్జర్ సంపాదించే ఉంటుంది. అవసరం మనుషులకి దారి చూపిస్తుంది.

మార్చి 20, గురువారం

భోజనాల వేళ ఆఫీసు వెనక మెట్ల మీదకి వెళ్ళి, నా సొంత ఫోన్లో ఆ నంబరు కొట్టాను. ఒక అంకె తక్కువగా కొట్టి, చూస్తూ కూర్చున్నాను. పైనుంచి ఎవరో దిగుతున్న చప్పుడైతే చెరిపేశాను. ఊడ్చే ఆవిడ. నన్ను చూసి, “తలనొప్పా అమ్మా?” అంది. అవునన్నాను.

మార్చి 21

హోరు: పొద్దున్నుంచి.

మార్చి 26, బుధవారం

కోడలు ఫోన్ చేసింది. ఆమె గొంతు ఇంతకుముందు వెనకనుంచి వినడమే.

“సమస్యేంటో చెప్పండి మేడం.”

“సమస్యేమీ లేదండి, అయిపోయింది. మాస్టారని ఒకాయన ఉంటారట. ఆయనకి ఇవ్వండి.”

“మీ విషయం నాతో చెప్పొచ్చు మేడం.”

“నిన్న చార్జింగ్‌కి పెట్టి స్నానానికి వెళ్ళాను. మంచం మీద మంట లేచింది. పాప పక్కనే పడుకునుంది. మామయ్యగారు ఉత్తచేత్తో పీకేశారు. వైరు అరచేతికి అతుక్కుపోయింది.” గొంతులో ఏడుపు లేదు. టైపు చేయాల్సిన రిపోర్టు చదువుతున్నట్టు చెప్పింది. “పాపకి ఏం కాలేదు.”

“అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడం. రంగు మారిన చార్జర్ ఫొటో ఉందా?”



“రంగు మారిందా? ఆఁ, మారింది. మామయ్యగారి చెయ్యి కూడా మారింది. దాని ఫొటో కావాలా?”

“మేడం...”

“ఆయన మందు మత్తులో కూడా ఆ మాస్టారినే అడుగుతున్నారు. ఒక్కసారి ఇవ్వండి.”

“అలాంటివారు ఇక్కడ ఎవరూ లేరు మేడం.”

ఈ కాల్‌కి కూడా మార్కులు వెయ్యాలి. సానుభూతి మాట వాడారు. నిషేధించిన మాట ఒక్కటీ లేదు. తొంభై నాలుగు.

ఇంటికొచ్చాక మా ఆయన్ని అడిగాను, అరచెయ్యి కాలితే ఎన్నాళ్ళకి మానుతుందని. “ఎంత లోతుగా కాలిందో దాన్ని బట్టి. ఎవరికి?” అన్నాడు.

“ఎవరికో.”

మార్చి 27

రోజంతా.

ఏప్రిల్ 3, గురువారం

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పుస్తకం మర్చిపోయానని చెప్పాను. సంచీలోనే ఉంది. చెవులు బాగానే ఉన్నాయి, నరాలు బాగానే ఉన్నాయి, కొన్నాళ్ళు హెడ్‌ఫోన్ తగ్గించమన్నాడు. సరేనన్నాను. ఇక ఇది ఆయనకి చూపించను. అయినా ఎందుకు రాస్తున్నానో తెలీదు.

ఏప్రిల్ 8, మంగళవారం

కోడలు వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు చేసిందట. మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. నాకంటే ఐదేళ్ళు చిన్నవాడు, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు.

“అక్కా, మాస్టారికి మీరు సున్నా వేసిన కాల్ ఒకటుంది కదా. పదకొండో తారీఖుది.”

“ఉంది సర్.”

“అది మళ్ళీ ఒకసారి వినండి. కొత్తగా వింటున్నట్టు. నాకైతే ఆయన కస్టమర్‌ని చక్కగా హెచ్చరించారనిపిస్తోంది. వాడొద్దని కంపెనీ తరఫున స్పష్టంగా చెప్పారు. వాళ్ళు వినిపించుకోలేదు.”

నాకు మొదట అర్థం కాలేదు. 

“అది మన సూత్రాలకి విరుద్ధమనే కదా సర్ సున్నా వేశాను?”

“అప్పుడు కదా అక్కా.” నవ్వాడు. “ఫోరంవాళ్ళకి ఆ కాలూ, దాని మార్కుల ఫారమూ ఇవ్వాలి. పక్కన సున్నా ఉంటే మనం చెప్పేదానికీ దానికీ పొంతన ఉండదు.”

“పదిహేడో తారీఖు కాల్ ఒకటుంది సర్.”

“వాళ్ళు అడిగింది ఇస్తాం. అడగనిది మనమెందుకు ఎత్తుకోవడం?”

ఏ కాల్ అని అడగలేదు. అంటే ఆయనకి తెలుసు.

లేస్తుంటే, “ఇంకో సంగతి” అన్నాడు. “ఆ సున్నా తీసేస్తే మాస్టారి మీద ఫేటళ్ళు రెండే. ఆయన్ని వెనక్కి పిలవొచ్చు. ఆలోచించండి.”

ఏప్రిల్ 9

ఆలోచిస్తున్నాను. మాస్టారికి ఉద్యోగం వస్తుంది. ఆయన చేసింది తప్పు కాదని కాగితం మీద ఉంటుంది. అది నిజమే కదా. నేను వేసిన సున్నాయే అన్యాయం. అన్యాయాన్ని సరిదిద్దడంలో తప్పేముంది?

ఇవన్నీ నేనే రాసుకుంటున్నాను, నేనే చదువుకుంటున్నాను.

ఏప్రిల్ 10, గురువారం

నూటికి నూరు వేశాను. ‘వినియోగదారు భద్రత దృష్ట్యా తగిన హెచ్చరిక.’ తేదీ మార్చి 11 అనే ఉంచమన్నాడు. ఉంచాను. సంతకం కూడా.

ఏప్రిల్ 14, సోమవారం

మాస్టారు వచ్చారు! మళ్ళీ అదే సంచీ, అదే కళ్ళజోడు. కొత్తబ్బాయి కుర్చీ ఖాళీ చేసి పక్కకి జరిగాడు. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మంచే జరిగింది. మధ్యాహ్నం నేనే వెళ్ళి పలకరించాను.

“బాగున్నారా మాస్టారూ?”

“బాగున్నానమ్మా. వాంగ్మూలం రాయమన్నారు, రాశాను. వాడొద్దని చెప్పావా అంటే చెప్పానన్నాను. నిజమే కదా? చెప్పినందుకు నన్ను తీసేశారని కూడా రాస్తానన్నాను. ఆ గడిలో అంత చోటు లేదన్నారు.”

“మరి?”

“అంతే. లెక్క కరెక్టే. కానీ ఒక మెట్టు ఎగ్గొట్టి రాయించారు.”

నేను తలవంచుకున్నాను. ఆ మెట్టు నేనే ఎగ్గొట్టానని ఆయనకి తెలీదు.

హోరు: లేదు. రాయాలని గుర్తొచ్చి రాశాను.

ఏప్రిల్ 22, మంగళవారం

పెద్దాయన కాల్. ఎత్తింది మాస్టారు. యథాప్రకారం నాకే వచ్చింది.

“మాస్టారేనా?”

“...అవునండి.”

“గొంతు గుర్తుపట్టా. నెల్లాళ్ళుగా నీకోసం చేస్తున్నా. లేరంటారు.”

“చెయ్యి ఎలా ఉందండీ?”

“కట్టు విప్పారు. రెండు వేళ్ళు ముడవడం లేదు. ముడిచి నేను మళ్ళీ స్టీరింగు పట్టాలా ఏంటి? పాపని ఎత్తుకుంటే జారుతుందేమోనని భయం, అంతే. కోడలు ఎత్తుకోనివ్వట్లేదు.” కాగితం మడత విప్పిన చప్పుడు. “దానికోసం కాదు చేసింది. మీ కంపెనీవాళ్ళు కాగితం పంపారు. వాడొద్దని మీ మనిషి చెప్పినా మేమే వాడామని. నిజమే. నువ్వు చెప్పావు. ఎవరేం చెప్పినా పెట్టొద్దన్నావు. నా బుద్ధి గడ్డి తిని మళ్ళీ ఫోన్ చేశా. కంపెనీ వద్దనట్లేదు కదా అనడిగా. లేదన్నారు. నేనే వెళ్ళి పెట్టమ్మా ఏం కాదు అని కోడలికి చెప్పా. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. అదే చంపేస్తోంది. ఫిర్యాదు వెనక్కి తీసుకోమన్నాను. నీ మాట వినలేదని నీకు చెప్పుకుంటే గానీ నిద్ర పట్టేట్టు లేదు. తప్పు నాదే బాబూ.”

 తెర మీద గొంతులు చూపించే గీత తిన్నగా సాగుతూ పోయింది. నలభై సెకన్లు. హాల్లో మిగతావాళ్ళ గొంతులు సన్నగా వినిపిస్తున్నాయి. రంగు మారింది, రంగు మారింది, రంగు మారింది.

“తప్పు మీది కాదండీ” అన్నారు మాస్టారు. “ఫిర్యాదు వెనక్కి తీసుకోకండి.”

“ఏంటి?”

“మీకు చెప్పినందుకే నన్ను అప్పట్లో తీసేశారు. ఆ మాట కాగితంలో లేదు. పిలిస్తే నేనొచ్చి చెబుతాను. తప్పు మాది.”

పెద్దాయన ఏడ్చాడు. గొంతెత్తి ఏడవడం కాదు, ముక్కు ఎగబీల్చిన చప్పుడు. వెనక పాప నవ్వుతోంది.

మూడు సూత్రాలు కాదు, ఎన్ని ఉంటే అన్నీ పోయాయి. ఫేటల్ వెయ్యాలి. వెయ్యకుండా నూరు వేస్తే పైవాళ్ళు పట్టుకుంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏడుసార్లు విన్నాను. సాయంత్రం ఐదింటికి ఫారం పంపే గడువు. నాలుగు యాభై ఐదుకి ‘ఆడియో స్పష్టంగా లేదు’ అన్న గడి నొక్కి తిప్పి పంపేశాను. అలా పంపినవి మేనేజరుకి వెళతాయి. వెళతాయని నాకు తెలుసు. కానీ సున్నా నేను వెయ్యలేదు.

ఏప్రిల్ 24, గురువారం

మాస్టారిని పదిన్నరకి పిలిచారు, పదకొండుకి పంపేశారు. ఈసారి నేను మెట్లదాకా వెళ్ళాను.

“నీతో ఒక పని పడిందమ్మా” అన్నారు. “ఆ పెద్దాయన రెండోసారి చేసిన కాల్. ‘లేదండి’ అన్న కాల్. నేను వద్దన్నాక కంపెనీ వద్దనట్లేదని చెప్పింది అక్కడే. అదొక్కటి ఉందని తెలిస్తే, తారీఖు తెలిస్తే, ఫోరంవాళ్ళు అడిగి తెప్పించుకోవచ్చు. పెద్దాయనకి తారీఖు గుర్తులేదు. ఒకే ఫిర్యాదు కాల్స్ ఒకరికే వస్తాయంటగా?”

“అన్నిసార్లూ రావు మాస్టారూ.”

“నీకు రాలేదా?”

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నారు. నావైపు చూడకుండా ఉండటానికి అలా చేస్తున్నారనిపించింది.

“గుర్తులేదు. రోజుకి పధ్నాలుగు వింటాను కదా.”

“అవునులే. అన్నీ ఎక్కడ గుర్తుంటాయి.” కళ్ళజోడు పెట్టుకున్నారు. “గుర్తొస్తే చెప్పు. నా నంబరు ఉందిగా?”

“ఉంది మాస్టారూ.”

మెట్లు దిగి వెళ్ళారు. ఒక్కో మెట్టూ లెక్కపెట్టినట్టు దిగారు, మోకాళ్ళ నొప్పులనుకుంటా.

ఏప్రిల్ 25

రికార్డులు తొంభై రోజులుంటాయి, తర్వాత వాటంతటవే చెరిగిపోతాయి. మార్చి 17 నుంచి లెక్క వేశాను. జూన్ 15. ఇంకా యాభై రోజుల పైనే ఉంది. తొందరేం లేదు. సరిగ్గా ఆలోచించుకుని చెప్పొచ్చు. మార్చి 11 ఫారం మీద నా సంతకం సంగతి కూడా ఆలోచించాలి కదా.

మే 9, శుక్రవారం

మాస్టారికి చెప్పాలని ఫోన్ తీశాను. మా పాప లెక్కల పుస్తకం పట్టుకొచ్చింది. దానికి చెప్పేసరికి ఆలస్యమైంది.

మే 20

ఇంకా ఇరవై ఆరు రోజులు.

జూన్ 2, సోమవారం

మా ఆయనకి చెప్పాను. అంతా. పొయ్యి దగ్గర నిలబడి, వెనక్కి తిరక్కుండా చెప్పాను.

ముందు పొయ్యి కట్టేశాడు. తర్వాత, “చెబితే నీ ఉద్యోగం పోతుందా?” అన్నాడు.

“పోతుంది. సంతకం నాది కాబట్టి కేసు కూడా అవుతుందేమో.”

“చెప్పకపోతే?”

“ఏం కాదు.”

“నువ్వెలా అంటే అలా” అన్నాడు. వద్దంటాడనుకున్నాను. వద్దంటే ఎంత బాగుండేది. చెప్పు అన్నా బాగుండేది.

జూన్ 13, శుక్రవారం

సోమవారం చెబుతాను.

జూన్ 16, సోమవారం

ఆ కాల్ నంబరు కొట్టి చూశాను. ‘రికార్డు లభ్యం కాదు.’ తేలిగ్గా ఉంటుందనుకున్నాను.

జూన్ 19, గురువారం

ఫోరంవాళ్ళు ఫిర్యాదు కొట్టేశారు. మాస్టారు వెళ్ళి సాక్ష్యం చెప్పారట. తీసేసిన ఉద్యోగి కడుపుమంటతో చెప్పే మాటలని మన వకీలు అన్నాడట. రెండో కాల్ అనేది ఒకటుందనడానికి ఆధారం ఏమీ లేదన్నారట. పెద్దాయన బెంచీ మీద కూర్చుని అన్నిటికీ తలూపాడట. ఇదంతా మేనేజరు నవ్వుతూ చెప్పాడు. కొత్త చార్జర్ ఒకటి మాత్రం ‘సౌహార్దంగా’ పంపిస్తున్నారట ఆ ఇంటికి.

మూడింటికి అందరికీ మెయిల్ వచ్చింది. ఈ వ్యవహారంలో సంస్థకి అండగా నిలిచినవారికి కృతజ్ఞతలని. కింద ఐదు పేర్లు. నాలుగోది నాది.

అందరూ వరసగా జవాబులు పంపుతున్నారు. నేనొక్కదాన్నే పంపకపోతే కనిపిస్తుంది. ‘ధన్యవాదాలు’ అని కొట్టి, అందరికీ వెళ్ళే బటన్ నొక్కాను.